మూడుసార్లు చదివినా పేపర్ చూడగానే బ్లాంక్. సప్లీకి ఐదు వారాలే ఉంది, ఎలా చదవాలి?

ఎమ్‌వన్_బాధితుడు (సోమవారం, రాత్రి 11:42)

అందరికీ నమస్తే. నేను సీఎస్ఈ సెకండియర్, జేఎన్‌టీయూహెచ్ ఆర్22 సిలబస్. ఫస్ట్ సెమ్ మ్యాథ్స్ (ఎమ్‌వన్) మిగిలిపోయింది. ఇంటర్నల్స్ 40కి 27 ఉన్నాయి, ఎక్స్‌టర్నల్‌లో 60కి 21 రావాలి, నాకు 16 వచ్చాయి.

చదవక పోయిందంటే నాకే బాధ ఉండేది కాదు. మూడుసార్లు చదివా. ఒక పసుపు హైలైటర్ మొత్తం అరగదీశా, నా పుస్తకం చూసి మా రూమ్మేట్ పసుపు కుంకుమలు పెట్టావా అని అడిగాడు. చదివేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. హాల్లో ప్రశ్న చూస్తే అది పుస్తకంలో కుడివైపు పేజీలో కింద ఉందని కూడా గుర్తొస్తుంది, రెండో స్టెప్పు మాత్రం రాదు.

ఇంటర్లో ఇలా లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్, వెనకాల ఒక సార్ తిరుగుతూ ఉండేవారు, వారం వారం టెస్టు. తిట్టుకుంటూనే చదివా, 900 దాటాయి. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. బుర్ర మొద్దుబారిందేమో అని ఒకటే టెన్షన్. రోజుకి ఎన్ని గంటలు చదవాలో చెప్పండి ప్లీజ్.

నాలుగు_సప్లీల_అనుభవం (సోమవారం, రాత్రి 11:58)

గంటల సంగతి తర్వాత తమ్ముడూ. ఆ మూడుసార్లలో పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మొదటి నుంచి చివరి దాకా చేసిన లెక్కలు ఎన్ని?

ఎమ్‌వన్_బాధితుడు (మంగళవారం, రాత్రి 12:05)

సాల్వ్‌డ్ ప్రాబ్లమ్స్ అన్నీ చూశా అన్నా. మూసి అంటే... చేయలేదు. చూస్తే అర్థమవుతున్నాయి కదా అని.

నాలుగు_సప్లీల_అనుభవం (మంగళవారం, రాత్రి 12:31)

అదీ సంగతి. నా పేరు చూశావుగా, ఊరికే పెట్టుకోలేదు.

మ్యాట్రిక్స్‌కి కట్టిన ఈక్వేషన్‌లో లాంబ్డా బదులు ఆ మ్యాట్రిక్స్‌నే పెట్టినా జీరో వస్తుందనే కేలీ-హామిల్టన్ థీరమ్ నేను పదిసార్లు చూసుంటా. ఒకరోజు మా రూమ్మేట్ మెస్ బిల్లు వెనక్కి తిప్పి పై వరసలో 1, 2, కింది వరసలో 3, 4 రాసి, దీనికి ఇన్వర్స్ కట్టు, పుస్తకం ముట్టుకోకు అన్నాడు. టూ బై టూనా అని నవ్వా. డయాగనల్ కూడితే 5, డిటర్మినెంట్ మైనస్ 2, కాబట్టి లాంబ్డా స్క్వేర్ మైనస్ 5 లాంబ్డా మైనస్ 2 ఈక్వల్ టు జీరో. అక్కడిదాకా హాయిగా వచ్చేసింది. ఇప్పుడు లాంబ్డా తీసి మన మ్యాట్రిక్స్ 'ఏ'ని పెట్టు అన్నాడు. పెట్టా: ఏ స్క్వేర్ మైనస్ 5ఏ మైనస్ 2. వెంటనే పట్టుకున్నాడు. మ్యాట్రిక్స్‌లోంచి ఉత్త 2ని ఎట్లా తీసేస్తావురా అని.

ఆ 2 పక్కన ఐడెంటిటీ మ్యాట్రిక్స్ ఐ ఉండాలి. పుస్తకంలో ఆ ఐ పదిసార్లూ అక్కడే ఉంది, నేను పదిసార్లూ దాని మీదుగా నడిచి వెళ్ళిపోయా. అది పెట్టాక అంతా ఏ ఇన్వర్స్‌తో గుణిస్తే, ఏ మైనస్ 5ఐ అనేది ఏ ఇన్వర్స్‌కి రెట్టింపు అని తేలింది. మైనస్ 4, 2, కింద 3, మైనస్ 1. అన్నీ సగం చేస్తే ఇన్వర్స్. చివర్లో దాన్ని ఏతో గుణించి ఐ వస్తుందో లేదో చూడమన్నాడు, వచ్చింది. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ ఐని మాత్రం నేను ఈ జన్మకి మర్చిపోను.

చూస్తే అర్థమైందంటే అది రాసినవాడి గొప్ప. నీకు వచ్చిందో లేదో కాగితం చెప్తుంది.

చాక్‌పీస్_మేడమ్ (మంగళవారం, ఉదయం 6:50)

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. పిల్లలు ఈ ప్రశ్నే ప్రతి ఏడాదీ అడుగుతారు, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

బాబూ, నీ బుర్రకి ఏమీ కాలేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. కొన్ని పాఠాలు రెండోసారి చదివించారు, కొన్నిటికి రెండోసారి చదవనివ్వకుండా గుర్తున్నది కాగితం మీద రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవే మెరుగు: 81 శాతం గుర్తున్నాయి, రాసి చూసుకున్నవి 75. వారం తర్వాత పెడితే తిరగబడింది. మళ్ళీ చదివినవి 42, మూసి రాసినవి 56.

ఆ మొదటి ఐదు నిమిషాలే మనల్ని మోసం చేస్తాయి. ఇప్పుడే చదివాం కాబట్టి అంతా నోటి చివర ఉన్నట్టు ఉంటుంది, హమ్మయ్య అనుకుని పుస్తకం మూసేస్తాం. పరీక్షేమో వారాల తర్వాత.

2013లో డన్‌లాస్కీ అనే సైకాలజిస్టు బృందం పది రకాల చదువు పద్ధతుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి చూసింది. ఎక్కువ ఉపయోగం అని తేల్చినవి రెండే. తమని తాము పరీక్షించుకోవడం ఒకటి, ఒకేసారి కూర్చోకుండా రోజుల మీద పంచుకుని చదవడం రెండోది. హైలైటర్‌తో గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం అడుగున ఉన్నాయి. నీ పసుపు హైలైటర్‌కి నా సానుభూతి.

ఇంటర్లో మార్కులు ఎందుకొచ్చాయో కూడా ఆలోచించు. స్టడీ అవర్స్ వల్లే అనుకుంటున్నావు, నాకైతే ఆ వారం వారం టెస్టు వల్ల అనిపిస్తోంది. ఎవరో బలవంతంగా పుస్తకం మూయించేవారు, ఇప్పుడు ఆ పని నీ చేతికి వచ్చింది.

ఫైవ్_పేపర్స్_చాలు (మంగళవారం, ఉదయం 9:15)

మేడమ్ గారికి గౌరవంతోనే చెప్తున్నా, ఇదంతా టాపర్లకి బాగుంటుంది. వీడికి కావాల్సింది 21. పార్ట్ ఏ పది మార్కులు, పార్ట్ బీలో యూనిట్‌కి ఒకటి చొప్పున ఐదు పదులు, ప్రతి దాంట్లో ఇది లేదా అది. రెండు యూనిట్లు గట్టిగా పట్టుకుని, పార్ట్ ఏలో నాలుగు కొడితే పాస్. పాత పేపర్లు ఐదు తీస్కో, రిపీటైనవి రుబ్బేయ్, అయిపోద్ది. నేను అలాగే బయటపడ్డా. అమెరికా ప్రయోగాలు మన సప్లీకి ఎందుకు బ్రో.

చాక్‌పీస్_మేడమ్ (మంగళవారం, ఉదయం 9:40)

పాత పేపర్లు చేయమనే నేనూ చెప్తాను. చేయమని, జవాబు పక్కన పెట్టుకుని చదవమని కాదు. మూడు గంటలు గడియారం పెట్టుకుని ఒక్క పేపర్ రాసి చూస్తే, రుబ్బిన పది ప్రశ్నల్లో ఎన్ని నిలబడ్డాయో తెలుస్తుంది. రెండే యూనిట్లు పట్టుకుంటే ఒకదాంట్లో ప్రశ్న కాస్త మెలిక పెట్టినా మునిగిపోతాడు. కనీసం మూడు అనుకోవాలి.

ఫైవ్_పేపర్స్_చాలు (మంగళవారం, ఉదయం 9:52)

సరే, మూడు. ఒప్పుకున్నా.

బడిపంతులు_తాత (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

మా మనవడు ఈ చర్చ చూపించాడు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

మన బళ్ళలో రెండు మాటలు ఉండేవి. వల్లె వేయడం ఒకటి, అప్పజెప్పడం ఒకటి. ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. పుస్తకం చూస్తూ పదిసార్లు పైకి అనడం వల్లె వేయడం. పుస్తకం పంతులుగారి చేతికిచ్చి, చేతులు కట్టుకుని నిలబడి చెప్పడం అప్పజెప్పడం. పదమూడో ఎక్కం వల్లె వేస్తే అందరికీ వచ్చేది. అప్పజెప్పమంటే పదమూడు ఏళ్ళు ఎంత అన్నచోట సగం మంది ఆగిపోయేవారు. ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే మళ్ళీ చదవమనేవాణ్ణి, మొదటి నుంచి కాదు.

మీ మేడమ్ గారు చెప్పిన ప్రయోగం చదివితే నాకు ఇదే తోచింది. ఆ కుర్రాడు మూడుసార్లు వల్లె వేశాడు, ఒక్కసారి కూడా అప్పజెప్పలేదు.

బెత్తం మాత్రం మళ్ళీ తేవద్దు. అది నేనూ వాడాను, ఇప్పుడు తలుచుకుంటే బాగుండదు.

కరీంనగర్_పోరడు (మంగళవారం, మధ్యాహ్నం 3:05)

తాత, మీరు చెప్పింది సూపర్. 13 ఏళ్ళు 91 అని ఇప్పుడే చూసుకున్న, నిజంగనే తడబడ్డ 😀

ఎమ్‌వన్_బాధితుడు (మంగళవారం, రాత్రి 10:30)

అందరికీ థ్యాంక్స్. ఇవాళ మ్యాట్రిక్సెస్ యూనిట్‌లో ఆరు లెక్కలు పుస్తకం మూసి ట్రై చేశా. ఒక్కటే పూర్తిగా వచ్చింది. అన్నా, నేనూ ఆ ఐ పెట్టలేదు. చాలా చిరాకేసింది, నిన్నటిదాకా ఈ యూనిట్ వచ్చనుకున్నా. ఇలా అయితే రోజుకి ఆరే అవుతాయి, సిలబస్ ఎప్పటికి అయ్యేను?

శుభలేఖల_సిస్టర్ (మంగళవారం, రాత్రి 11:10)

ఆ చిరాకు నాకు బాగా తెలుసు తమ్ముడూ, బీఎస్సీ నర్సింగ్ థర్డ్ ఇయర్ నేను. మాకు లెక్కలుండవు కానీ గుర్తుపెట్టుకోవాల్సినవి బోలెడు.

నా పద్ధతి చెప్తా. ఇంట్లో పాత శుభలేఖలు ఒక సంచీ నిండా ఉంటాయి కదా, వెనకవైపు ఖాళీగా, అట్ట గట్టిగా ఉంటుంది. వాటిని పేకముక్క సైజులో కత్తిరిస్తా. ఒకవైపు హెపారిన్ అనే మందు ఎక్కువైతే విరుగుడుగా ఏమివ్వాలి అని ప్రశ్న, రెండోవైపు ప్రోటమిన్ సల్ఫేట్. వార్ఫరిన్ అయితే విటమిన్ కె. పారాసెటమాల్ అయితే ఎన్-అసిటైల్ సిస్టీన్. ఇలా ఇప్పటికి నాలుగొందల పైన ఉన్నాయి.

మూడు అరలున్న స్వీట్ల డబ్బా ఒకటి పెట్టుకున్నా. కొత్త ముక్కలన్నీ మొదటి అరలో, వాటిని రోజూ చూస్తా. చెప్పగలిగితే రెండో అరలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా చెప్తే మూడో అరలోకి, అది పది రోజులకోసారి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి అరకే. వచ్చినదాని మీద టైమ్ వేస్ట్ కాదు, రానిది తప్పించుకోలేదు. ఇది నేనే కనిపెట్టాననుకున్నా, తర్వాత తెలిసింది లైట్నర్ అనే ఆయన 1970ల్లోనే ఈ డబ్బా సంగతి రాశాడని. ఫోన్లో కావాలంటే ఆంకీ యాప్ ఉంది, ఆండ్రాయిడ్‌లో ఫ్రీ. నాకు ఫోన్ తీస్తే రీల్సే తెరుచుకుంటాయి, అందుకే డబ్బా.

బస్సులో, డ్యూటీకి ముందు పది నిమిషాలు, ఎక్కడైనా ఓ ఇరవై ముక్కలు తిప్పొచ్చు. ఒక్కోసారి ముక్క వెనక ప్రశ్న చూసి ముందుకి తిప్పితే జవాబు పక్కనే "వధువు చి.ల.సౌ." అని ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది.

టైమర్_పెట్టు_మామా (మంగళవారం, రాత్రి 11:34)

పొమొడోరో ట్రై చెయ్ బ్రో. 25 నిమిషాలు చదువు, 5 బ్రేక్. ఇటలీ ఆయన, ఫ్రాన్సెస్కో సిరిల్లో, కాలేజీలో చదువు సాగక టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని మొదలెట్టాడు, అందుకే ఆ పేరు.

నాలుగు_సప్లీల_అనుభవం (మంగళవారం, రాత్రి 11:50)

థియరీకి ఓకే. మ్యాథ్స్‌లో 25కి గంట కొడితే బీటా-గామా ఇంటిగ్రల్ సగంలో ఉంటుంది, లేచి టీ తాగి వస్తే సబ్‌స్టిట్యూషన్ ఏం పెట్టామో మర్చిపోతాం. నేనైతే లెక్కల లెక్కన బ్రేక్ తీసుకునేవాణ్ణి, రెండు లెక్కలకి ఒక బ్రేక్. కూర్చోవడానికే బద్ధకంగా ఉన్న రోజున మాత్రం ఆ 25 పనికొస్తుంది, ఒప్పుకుంటా.

ఫోన్ గురించి ఒక్క ముక్క. సైలెంట్‌లో పెట్టి బోర్లా పెడితే కుదరదు, చెయ్యి దానంతటదే పోతుంది. బీరువాలో పెట్టి తాళం రూమ్మేట్‌కి ఇచ్చేవాణ్ణి. వాడు సినిమాకి పోతే ఆ రోజు నాకు ఆరు గంటల చదువు.

బీఏ_తెలుగు_మీడియం (బుధవారం, ఉదయం 7:25)

నాదొక వేరే కష్టం, ఇక్కడే అడగొచ్చా? పదో తరగతి, ఇంటర్ తెలుగు మీడియం. డిగ్రీలో ఎకనామిక్స్ ఇంగ్లీష్ మీడియం అయింది. క్లాసులో సార్ చెప్పేది అర్థమవుతుంది, రాయడానికి పెన్ను పడితే వాక్యం రాదు. దాంతో పేరాలు పేరాలు బట్టీ కొడుతున్నా. ఒక్క పదం మర్చిపోతే పేరా అంతా పోతుంది.

చాక్‌పీస్_మేడమ్ (బుధవారం, ఉదయం 8:10)

నిరభ్యంతరంగా అడగమ్మా. మా క్లాసులో సగం మంది కష్టం ఇదే.

ముందు తెలుగులోనే అర్థం చేసుకో, సిగ్గుపడకు. క్షీణోపాంత ప్రయోజన సూత్రం నీకు ఇంటర్ నుంచే తెలుసు. ఆకలి మీద తిన్న మొదటి మిర్చి బజ్జీకి ఉన్న రుచి నాలుగోదానికి ఉండదు, ఆరోది ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దంటావు. విషయం అంతే. దాన్ని ఇంగ్లీషులో లా ఆఫ్ డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ అంటారు. ఉపాంత అంటే మార్జినల్, ప్రయోజనం అంటే యుటిలిటీ, క్షీణించడం అంటే డిమినిష్. ఒక నోట్‌బుక్‌లో ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క ఇంగ్లీష్ మాట రాసుకో. అధ్యాయానికి పాతికో ముప్పయ్యో ఉంటాయి, అంతకు మించవు.

తర్వాత పుస్తకం మూసి, ఆ మాటలు వాడుతూ నీ సొంతంగా ఐదు చిన్న వాక్యాలు రాయి. గ్రామర్ తప్పులు పోనీ, సారుకి చూపించి దిద్దించుకో. నీవి అయిన ఐదు ముతక వాక్యాలు పరీక్షలో నిలబడతాయి. బట్టీ కొట్టిన పేరాకి ఒక గొలుసు తెగితే చాలు.

బీఏ_తెలుగు_మీడియం (బుధవారం, ఉదయం 8:22)

మేడమ్, బజ్జీ ఉదాహరణ మా సార్ కూడా చెప్పలేదు 🙏 నోట్‌బుక్ ఇవాళే మొదలెడతా.

డల్లాస్_నుంచి_డుంబు (బుధవారం, ఉదయం 10:48)

నేను ఎంఎస్‌కి వచ్చి రెండేళ్ళు. ఇక్కడ మొదటి సెమిస్టర్‌లో నాకు దిమ్మ తిరిగింది. కొన్ని పరీక్షలకి పుస్తకం తెచ్చుకోండి అన్నారు. ఇంకేం, పండగే అనుకున్నా. పుస్తకంలో లేని ప్రశ్న ఇచ్చారు.

ఒక్కటి చెప్తా. ఇక్కడ ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు ఆఫీసు తలుపు తెరిచి కూర్చుంటారు, వచ్చి అడగమని. మన వాళ్ళం వెళ్ళం. తెలియదని తెలిసిపోతుందేమో అని భయం. నేను సెమిస్టర్ సగం అయ్యాక వెళ్ళా, పది నిమిషాల్లో తేలిపోయే డౌట్‌ని మూడు వారాలు మోశానని అప్పుడు తెలిసింది. అక్కడ కూడా చాలామంది సార్లు స్టాఫ్ రూమ్‌కి వెళ్ళి అడిగితే కాదనరు. ఉత్త చేతులతో పోకు, ఎక్కడ ఆగిపోయావో ఆ కాగితం తీసుకెళ్ళు.

పద్యాల_పిచ్చి (బుధవారం, రాత్రి 9:02)

సైడ్ ట్రాక్ అనిపిస్తే క్షమించండి. అష్టావధానం చూశారా ఎప్పుడైనా? అవధాని ఒక పద్యం మొత్తం చెప్పేసి రెండోదానికి పోడు. సమస్యకి ఒక పాదం, దత్తపదికి ఒక పాదం, నిషిద్ధాక్షరికి ఒక పాదం, ఇలా ప్రశ్నలడిగే పృచ్ఛకులందరినీ చుట్టి మళ్ళీ మొదటాయన దగ్గరికి వస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం ఆయన వంకాయ కూర గురించి ఏదో అడిగి బుర్ర తింటుంటాడు, గంటలు ఎన్ని కొట్టారో లెక్కపెట్టాలి. నాలుగు ఆవృత్తాలు, అంటే చుట్లు, అయ్యాక చివర్లో ధారణ, అంటే అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి.

ప్రతి చుట్టులో పాత పాదాన్ని మళ్ళీ తవ్వి తీస్తేనే కొత్త పాదం కుదురుతుంది. నాకు ఇందులో చదువుకి పనికొచ్చే కిటుకు కనిపిస్తుంది: ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా కాకుండా, యూనిట్లు కలిపి చేయడం.

ఫైవ్_పేపర్స్_చాలు (బుధవారం, రాత్రి 9:20)

అన్నా, వాడు సప్లీ రాయాలి, అవధానం చేయడు 😂

చాక్‌పీస్_మేడమ్ (బుధవారం, రాత్రి 9:47)

నవ్వొచ్చినా ఆయన చెప్పిన దాంట్లో విషయం ఉంది. ఒకే ఎక్సర్‌సైజ్‌లో పది లెక్కలు చేసేటప్పుడు ఏ పద్ధతి వాడాలో పై హెడ్డింగే చెప్పేస్తుంది. పరీక్షలో హెడ్డింగ్ ఉండదు. ఇది రోల్స్ థీరమా, లగ్రాంజ్ మీన్ వాల్యూనా అని గుర్తుపట్టడమే సగం పని. కొత్త టాపిక్ అయితే మొదట రెండు మూడు లెక్కలు వరసగా చేసుకో, చెయ్యి తిరిగాక కలిపెయ్.

సిలబస్ ఎప్పటికి అవుతుందని అడిగావు కదా బాబూ. రోజుకి ఆరు అంటే ఐదు వారాలకి రెండొందల పైన. మూడు యూనిట్లకి అది తక్కువేమీ కాదు. వాటిలో రోజూ రెండు మాత్రం వారం కిందట తప్పినవి ఉండాలి.

శుభలేఖల_సిస్టర్ (బుధవారం, రాత్రి 11:15)

పరీక్ష ముందు రాత్రి నైటవుట్ మాత్రం వద్దు తమ్ముడూ. నైట్ డ్యూటీ చేసి పొద్దున ఇంటర్నల్ రాసినదాన్ని చెప్తున్నా, తెలిసిన డోసేజ్ లెక్క మూడుసార్లు తప్పు చేశా. చదివింది నిద్రలోనే బుర్రలో కుదురుకుంటుంది, అది పోగొట్టుకుని టీ తాగితే ఏం లాభం.

ఎమ్‌వన్_బాధితుడు (ఐదు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 5:30)

ఇవాళే రాసొచ్చా. రిజల్ట్ రావడానికి టైమ్ పడుతుంది, కానీ చెప్పాలనిపించింది.

మొదటి రెండు వారాలు ఘోరంగా గడిచాయి. ఆరు చేస్తే రెండు వచ్చేవి. తప్పినవాటికి వేరే నోట్‌బుక్ పెట్టి, పక్కన ఎక్కడ ఆగానో ఎర్ర పెన్నుతో ఒక్క లైన్ రాసుకున్నా. మూడో వారంలో చూస్తే నలభై తప్పుల్లో పాతిక దాకా ప్లస్ మైనస్ గుర్తు తప్పులే. థీరమ్‌లు రావని ఏడ్చాను కానీ అసలు రోగం అది. మధ్యలో నాలుగు రోజులు ఊళ్ళో పెళ్ళికి పోయి పుస్తకం ముట్టలేదు, అదీ చెప్పాలి. పాత పేపర్లు రెండు టైమ్ పెట్టి రాశా, మొదటి దాంట్లో 19, రెండో దాంట్లో 31, మా రూమ్మేట్ దిద్దాడు.

ఇవాళ పార్ట్ బీలో మూడు పూర్తిగా, ఒకటి సగం చేశా. కేలీ-హామిల్టన్ వచ్చింది, త్రీ బై త్రీ. ఐ పెట్టా అన్నా. డబుల్ ఇంటిగ్రల్‌లో లిమిట్స్ మార్చేది మాత్రం వదిలేశా, ఆ యూనిట్ నేను ముట్టుకోలేదు.

నాలుగు_సప్లీల_అనుభవం (శుక్రవారం, సాయంత్రం 5:41)

రిజల్ట్ రోజు ఇక్కడే పోస్ట్ చెయ్. ఎర్ర పెన్ను నోట్‌బుక్ పారేయకు, నెక్స్ట్ సెమ్‌లోనూ అవే తప్పులు చేస్తావు, నేను చేశా.

బడిపంతులు_తాత (శుక్రవారం, రాత్రి 7:15)

సంతోషం నాయనా. ఆ పెళ్ళి శుభలేఖ ఆ నర్సమ్మకి పంపించు.

శుభలేఖల_సిస్టర్ (శుక్రవారం, రాత్రి 8:02)

పంపండి తాతగారూ, నిజంగానే అయిపోయాయి. ఆషాఢం కదా, ఒక్క పెళ్ళీ లేదు. ఫార్మకాలజీ ఇంకా సగం ఉంది.